కట్టుపొడి డబ్బాతో బందరు దాకా

మా అనంతపురం నుంచి కృష్ణా జిల్లాకు వెళ్లొచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కొండ మీది అమ్మవారి దర్శనానికి వెళ్లారు, పుష్కరాలకు వెళ్లారు, పెళ్లిళ్లకు వెళ్లారు. బట్టలు ఉతకడం కోసం అంత దూరం వెళ్లినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. అందువల్ల వాళ్లెవరూ చెప్పని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి. చల్లబడకముందే రాసి పెడుతున్నాను.

నేను మునిసిపాలిటీలో తాగునీళ్లు పరీక్షిస్తూ రిటైరయినవాణ్ణి. మా ఊరి బావినీళ్లలో సబ్బు నురగ కట్టదు. విరిగిన పాలలా ముక్కలై తేలుతుంది. జీవితమంతా ఆ నీళ్లతో తగవు పడినవాణ్ణి కాబట్టి ఏ ఊరు వెళ్లినా నాకొక అలవాటు. చేతిసంచిలో చిన్న సీసా, కాస్త సబ్బు తురుము ఉంటాయి. ఎవరింటికి వెళ్లినా మంచినీళ్లు ఇస్తారు కదా. వాటిలో సగం తాగి, మిగతా సగం సీసాలో పోసి, తురుము వేసి ఊపుతాను. నురగ ఎంతసేపు నిలుస్తుందో చూసి రాసుకుంటాను. మనుషులు తమ ఊరి గురించి గొప్పలు చెప్పుకుంటారు. నీళ్లకు ఆ గుణం లేదు.

ఈ సంగతి తెలిసిన మా వియ్యంకుడు సుబ్బారాయుడుగారు, ఈ డెబ్బై నాలుగు మాఘమాసంలో, ‘పండగ కాదు, పబ్బం కాదు, నీళ్ల పని. మీరు తప్పక రావాలి’ అని కబురు పంపారు. అలా పిలిస్తే నేను ఆగలేను.

భవానీపురం: పేచీకోరు మేనమామలు

సుబ్బారాయుడుగారిది బెజవాడలో భవానీపురం. ఇంటి వెనక రేకుల షెడ్డులో బట్టల సబ్బులు చేయించి అమ్ముతారు. నేను వెళ్లేసరికి షెడ్డులో సబ్బు లేదు. ఎక్కడ చూసినా చింతపండు, నిమ్మకాయలు. మేడ మీద పళ్లేల నిండా ఏదో గోధుమరంగు పొడి ఎండుతోంది. చింతపండు పులుసు, నిమ్మరసం కలిపి వడకట్టి, బట్టల సోడా కొద్దికొద్దిగా వేసి, మరగబెట్టి ఎండబెట్టిన పొడి అది. దానికి ఆయన పెట్టిన పేరు కట్టుపొడి.

“ఏమిటి కడుతుంది?” అని అడిగాను.

“చెబుతానుండండి బావగారూ. ఉప్పునీళ్లలో సున్నం ఉంటుంది, ఇనుము ఉంటుంది. అవి పెళ్లికొచ్చిన పేచీకోరు మేనమామలనుకోండి. సబ్బు పెళ్లికొడుకు. పాపం మురికి దగ్గరికి వెళ్దామని బయల్దేరతాడు. వీళ్లు మధ్యలోనే చెయ్యి పట్టుకుని, ‘మాకు పంచెలచాపు ఏదిరా’ అంటారు. పెళ్లి ఆగిపోతుంది. ఇప్పుడు నా పొడి ఏం చేస్తుందంటే, ఆ మేనమామల భుజం మీద చెయ్యేసి, ‘రండి రండి, ముందు కాఫీ పుచ్చుకోండి’ అని పక్కకు తీసుకుపోతుంది. తాళి కట్టేదాకా వదలదు.”

“మా అబ్బాయి పెళ్లిలో మా కంబగిరి మామను మీరు అట్లాగే తీసుకుపోయినారు.”

“ఈ ఆలోచన వచ్చింది అక్కడేనండి!” అన్నారాయన.

బజారులో దొరికే, భాస్వరం కలిసిన తెల్లపొడి కూడా ఇదే పని చేస్తుంది. అయితే పని అయ్యాక అది మురుగునీళ్లతో చెరువులోకి పోయి, పొలానికి ఎరువు వేసినట్టు నాచుకు ఎరువవుతుంది. నాచు పెరుగుతుంది, కుళ్లుతుంది, నీళ్లలో గాలి లేకుండా చేస్తుంది. పై దేశాల్లో సరస్సులకు సరస్సులే ఇలా పచ్చబడుతున్నాయని ఒక వారపత్రికలో చదివిన రోజు నుంచీ సుబ్బారాయుడుగారికి నిద్ర లేదు. చింతపండు, నిమ్మకాయ అయితే చెరువులో పురుగూ పుట్రా తినేస్తాయి, నాచుకు ఏమీ మిగలదని ఆయన నమ్మకం. రెండేళ్లు కష్టపడి ఒక డబ్బా చేశారు.

ఆ డబ్బాకు ఒక గడువు ఉంది. బందరులో ఒక ఆడపిల్లల హాస్టలు ఉంది. అక్కడి బోరునీళ్లు ఉప్పన, పైగా ఇనుము. భాస్వరం పొడి వేసి ఉతుకుతున్నారు. ఉతికిన నీళ్లు కాలవలో పడి పక్కనే ఉన్న చేపల చెరువులోకి పోతాయి. చెరువును వేలంలో పాడుకున్న పోతురాజు, నీళ్లు పచ్చబడి చేపలు చస్తున్నాయని, వచ్చే ఆదివారం ఆ కాలవకు అడ్డంగా గోడ కట్టిస్తానని తేల్చి చెప్పాడు. కాలవ మూస్తే హాస్టల్లో ఉతుకుడు ఉండదు. పిల్లలు బట్టల మూటలు నెత్తిన పెట్టుకుని ఊరి బయటి పెద్ద కాలవకు నడవాలి. శనివారం లోగా వేరే పొడి చూపిస్తే సరేనని పోతురాజు ఒప్పుకున్నాడు. ఆ పొడి తెస్తానని మేట్రన్‌గారికి మాట ఇచ్చినవారు సుబ్బారాయుడుగారు.

ఒక్క సంగతి ఇక్కడే చెప్పాలి. ఇల్లంతా చింతపండు ఉడికించే ఈ మనిషికి పులుపు పడదు. చారు కూడా పోసుకోరు. కట్టుపొడిని ఆయన ఎన్నడూ వేలితో అంటుకుని నాలుక మీద పెట్టలేదు.

ఆ సాయంత్రం బ్యారేజి దగ్గర పుణుగులు తిన్నాము. కాఫీ నలభై పైసలు, మా ఊళ్లో కంటే ఎక్కువే, కానీ కృష్ణ నీళ్లతో పెట్టిన కాఫీ. సీసా ఊపి చూశాను. నురగ నేను కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకునేదాకా చెక్కుచెదరలేదు. కాస్త అసూయ కలిగింది.

మంగళగిరి: నేను మళ్లీ అడిగి వేయించుకున్న పొడి

పొడి వల్ల బట్టల రంగు పోతుందేమో చూడాలని మర్నాడు మంగళగిరి వెళ్లాము. అక్కడ సుబ్బారాయుడుగారి పినతండ్రి కొడుకు పానకాలు మగ్గాల మీద చీరలు నేయిస్తాడు. సుబ్బారాయుడుగారి సంచిలో సబ్బు బిళ్లలు, గుడ్డముక్కలు నిండిపోవడం వల్ల కట్టుపొడి డబ్బా నా సంచిలో పెట్టారు. చిన్న రేకుడబ్బా. ఆ తరవాత జరిగినదానికంతటికీ మూలం ఆ సంచి మార్పే.

అక్కడి దేవుడు పానకం ఎంత పోసినా సగం తాగి సగం భక్తులకు వదిలేస్తాడని చెబుతారు. ఆ ఊరి మనుషులు మాత్రం ఆకులో సగం వదలనివ్వరు. మా వైపు ‘ఇంకొంచెం పెట్టనా’ అని ఒకసారి అడుగుతారు, వద్దంటే ఊరుకుంటారు. ఇక్కడ వద్దని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తారు. అల్లుడి తండ్రి వచ్చాడంటే ఇక చెప్పాలా.

పానకాలు, సుబ్బారాయుడుగారు కాస్త పొడి తీసుకుని ఎర్రంచు చీర ముక్క ఉతికి చూడటానికి మగ్గాల షెడ్డుకు వెళ్లారు. నన్ను ముందు భోజనానికి కూర్చోబెట్టింది పానకాలు భార్య కోటేశ్వరి. వేడన్నం, దోసకాయ పప్పు, ఆ పక్కన చిన్న గిన్నెలో గోధుమరంగు పొడి.

“మొదటి ముద్ద దీంతో తినండి అన్నయ్యగారూ,” అని అన్నంలో గుంట చేసి, పొడి వేసి, ఆ గుంట చెరువయ్యేదాకా నెయ్యి పోసింది.

తిన్నాను. పుల్లగా, ఉప్పగా ఉంది. కారం లేదు. ఈ జిల్లాలో కారం లేని పొడా అని ఆశ్చర్యపోయాను. అయినా పెట్టిన ఇల్లాలి ముందు వంక పెట్టకూడదు కదా.

“మీ పొడి చానా బాగుందమ్మా,” అన్నాను. “ఇంకొంచెం వెయ్యి.”

ఆమె నవ్వింది. నాకు అనుమానం రాలేదు. నెయ్యి అలాంటిది.

మూడో ముద్ద నోట్లో ఉండగా సుబ్బారాయుడుగారు వచ్చారు. “రంగు పోలేదు బావగారూ, ఎర్రంచు ఎర్రంచులాగే...” అంటూ నా ఆకు వైపు చూసి ఆగిపోయారు. తరవాత గిన్నె వైపు చూశారు. ఆయన ముఖంలో మాత్రం రంగు పోయింది.

“అన్నయ్యగారికి పొడంటే ఎంత ఇష్టమో చూడండి బావగారూ,” అంది కోటేశ్వరి ఆయనతో. “వడ్డించే ముందు మేమూ తలా చిటికెడు రుచి చూశాం.”

ఆయన నోరు తెరిచి, మూసి, “మజ్జిగ పొయ్యమ్మా,” అన్నారు.

తిరుగు బస్సు బ్యారేజి మీదికి వచ్చింది. నది మధ్యకు వచ్చాక చెప్పారు.

“బావగారూ, మీరు తిన్నది కట్టుపొడి.”

నేను సంచిలోంచి డబ్బా తీసి మూత తెరిచి చూశాను.

“కోటేశ్వరి మీ సంచి సర్దుతూ డబ్బా చూసిందట. పెద్దాయన పథ్యం పొడి వెంట తెచ్చుకున్నాడు, అడగడానికి మొహమాటపడుతున్నాడని వడ్డించిందట. నేనెలా చెప్పనండీ? అల్లుడిగారి తండ్రికి మా వాళ్లింట్లో బట్టల పొడి పెట్టారంటే ఆ పిల్ల జన్మలో తలెత్తుకుంటుందా?”

“చెప్పకండి,” అన్నాను. “అందులో ఉన్నది చింతపండు, నిమ్మకాయ, వాటి పులుపుతో పోరాడి అలసిపోయిన సోడా. మనిషికేమీ కాదు. ఉప్పు కాస్త ఎక్కువ.”

“రుచి ఎలా ఉందండీ?” అని ఆయన చాలా మెల్లగా అడిగారు. రెండేళ్ల శ్రమ కదా, తెలుసుకోవాలని ఉంటుంది.

“నెయ్యితో బాగుంది.”

ఉయ్యూరు: పెసరట్టుకు పడిన శిక్ష

బందరు దారిలో ఉయ్యూరులో సుబ్బారాయుడుగారి చెల్లెలు సత్యవతి ఇల్లు. దారంతా చెరకు బళ్లు. ఎడ్లు నడుస్తుంటే వెనక పిల్లలు గడలు లాగుతున్నారు, బండివాళ్లు తిడుతున్నారు, పిల్లలు నములుతూనే వింటున్నారు. గాలి కూడా తియ్యగా ఉంది. చెరకురసం గ్లాసు పదిహేను పైసలు. మా ఊళ్లో ఆ డబ్బుకు చెరకును దూరం నుంచి చూపిస్తారు.

గుమ్మంలో అడుగు పెట్టామో లేదో సత్యవతి ఎదురొచ్చింది. “రండి బావగారూ, కాళ్లు కడుక్కోండి. ఏమన్నయ్యా, ఆ పొడేదో మంగళగిరి వాళ్లకేనా? మేం పనికిరామా?”

సుబ్బారాయుడుగారు నా వైపు చూశారు. పానకాలు పొద్దున్నే చీరల మూటతో ముందు బస్సులో ఇటు వచ్చాడట. బావగారు పొడితో అన్నం మొత్తం తిన్నారని చెప్పి, చీరలు చూపించి, వెళ్లిపోయాడట. అది తాను చీర ముక్క ఉతికిన పొడేనని అతనికీ తెలియదు.

“అది... అది బందరులో మేట్రన్‌గారికమ్మా,” అన్నారు సుబ్బారాయుడుగారు.

“ఎవరో మేట్రన్‌కు పెడతావు, తోడబుట్టినదానికి పెట్టవు. చిన్నప్పుడు జీళ్లు కూడా ఇంతే, దాచుకుని తినేవాడు.”

“సత్యం, నా మాట విను...”

“వినను. బావగారూ, మీరు చెప్పండి. మంగళగిరిలో తిన్నారు, మా ఇంట్లో తినరా?”

ఇప్పుడు నేను తినకపోతే ఈమె ఇల్లు తక్కువైనట్టు. నిజం చెబితే కోటేశ్వరి ఇంటి పరువు పోయినట్టు. ఇద్దరు ఆడవాళ్ల పరువు నా ఒక్క ముద్దలో ఉంది. నేను ఆకు ముందు కూర్చున్నాను. సత్యవతి, ఆమె భర్త, పిల్లలు, పక్కింటి ముసలాయన, అందరూ తిన్నారు. ధారాళంగా తిన్నారు. సుబ్బారాయుడుగారు మాత్రం కడుపు బాగాలేదని మజ్జిగన్నంతో లేచారు.

మర్నాడు పొద్దున కడుపు పూర్తిగా బాగున్నది ఆయన ఒక్కరికే. నేను రెండు రోజులుగా అలవాటు పడ్డానేమో, నాకూ పెద్దగా ఇబ్బంది లేదు. మిగతా అందరూ చెంబులు పట్టుకుని పెరటిదారిలో వరసగా నిలబడ్డారు. పక్కింటి ముసలాయన గోడ అవతలినుంచి, “సత్యవతమ్మా, మీ దొడ్డి ఖాళీయేనా? మాది మా ఆవిడ ఖాళీ చెయ్యట్లేదు,” అని కేకేశాడు.

“బావినీళ్లు చెడ్డాయి,” అన్నాడు సత్యవతి భర్త. “బావగారూ, మీరు నీళ్లవారు కదా, చూడండి.”

సీసా తీశాను. ఆ బావినీళ్లంత మెత్తని నీళ్లు నేను ఈ మధ్య చూడలేదు. పక్కనే పంటకాలవ ఉండటం వల్ల కాబోలు. నురగ సీసా మూతి దాకా లేచింది. నిర్దోషి అయిన బావిని నిందిస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వృత్తికి కుదరదు.

“నీళ్లలో తప్పేమీ లేదు,” అని గట్టిగా చెప్పాను.

“అయితే నిన్న సాయంత్రం బజారు పెసరట్టే!” అంది సత్యవతి. “నేనప్పుడే అనుకున్నాను, అల్లం మరీ ఎక్కువేశాడని.”

అలా పెసరట్టుకు శిక్ష పడింది. పొడిని ఎవరూ అనుమానించలేదు. పైగా బయల్దేరే ముందు సత్యవతి డబ్బా తెచ్చి నా సంచిలో పెడుతూ, “ఇందులో కారం లేదేమిటి బావగారూ, వదినకు చెయ్యి ఆడలేదా? కాసిని ఎండుమిరపకాయలు, వెల్లుల్లి దంచి మొత్తానికీ కలిపేశాను. ఇప్పుడు చూడండి,” అంది.

సుబ్బారాయుడుగారు అరుగు మీద కూర్చుండిపోయారు.

బందరు: ఇడ్లీలకా, బట్టలకా

హాస్టలు మేట్రన్ కరుణమ్మగారు పొడవాటి మనిషి. తెల్లచీర, నల్ల ఫ్రేము కళ్లద్దాలు, మాటలో తొందర లేదు. మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, బందరు హల్వా పెట్టి, డబ్బా మూత తీసి వాసన చూశారు.

“ఇది బట్టలకాండీ, ఇడ్లీలకాండీ?”

సుబ్బారాయుడుగారు మొత్తం చెప్పారు. ఆమె నవ్వలేదు. నవ్వకుండా ఉండటానికి బల్ల అంచు పట్టుకున్నారు. కిటికీ బయట చెరువు కనిపిస్తోంది. పచ్చగా, చిక్కగా, ఉడికిన బచ్చలాకులా ఉంది. కాలవ మూతి పక్కన ఇటుకలు పేర్చి ఉన్నాయి.

“ఇవాళ శనివారమండి,” అన్నారామె. “రేపు మేస్త్రీ వస్తాడు. పోతురాజును తప్పుపట్టలేను. అప్పు చేసి చెరువు పాడుకున్నాడు. నా పిల్లల్ని ఊరి బయటి కాలవకు పంపలేను. మీ పొడిలో వెల్లుల్లి ఉంది. నన్నేం చేయమంటారు?”

“చింతపండు ఉందాండీ?” అని అడిగారు సుబ్బారాయుడుగారు.

హాస్టల్లో చింతపండు లేకపోవడమేమిటి. వంటింట్లో సాంబారు కాచే పెద్ద గంగాళంలో చింతపండు పిసికి పులుసు తీశారు. తోటలో నిమ్మకాయలు తెచ్చి పిండారు. ఇక బజారు నుంచి తెప్పించిన బట్టల సోడా కలపాలి. ఇంటి దగ్గర సుబ్బారాయుడుగారు దాన్ని చెంచాతో, మధ్యలో కాఫీ తాగుతూ వేస్తారు. ఇక్కడ వెనక పిల్లలందరూ గుంపుగా నిలబడి చూస్తున్నారు. మేట్రన్‌గారు చేతులు కట్టుకుని చూస్తున్నారు. ఆయనకు గొంతు సవరించుకోవాలనిపించింది.

“పిల్లలూ, ఇది రసాయన శాస్త్రం,” అని ప్రకటించి, పొట్లంలో సోడా మొత్తం ఒక్కసారి కుమ్మరించారు.

గంగాళం ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత లేచింది. గోధుమరంగు నురగ అంచులు దాటి, పొయ్యి దాటి, సుబ్బారాయుడుగారి పంచె దాటి, భోజనశాల వైపు నడిచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వంటామె పీట ఎక్కి నిలబడి, “ప్రభువా, సాంబారు కాచుకోవడానికి ఉన్నది ఒక్క గంగాళం, అదీ పోయింది!” అంది. నేను చీపురు పట్టుకుని నురగకు ఎదురెళ్లాను. ఉద్యోగంలో పైపులు పగిలిన అనుభవం ఉంది కాబట్టి దాన్ని పెరటివైపు మళ్లించగలిగాను.

పొంగు అణిగాక గంగాళంలో సగం మిగిలింది. నీళ్లలో పసుపుపచ్చగా తేలే ఇనుము, దుప్పటి అంచుల్లో తుప్పుమరకలు, అన్నిటి సంగతీ ఆ సగమే తేల్చాలి. పెద్ద తొట్టిలో బోరునీళ్లు నింపి, దీన్ని పోసి, సబ్బు వేసి కలిపాము. నేను సీసా తీశాను. ఊపాను. నురగ నిలిచింది. మా వియ్యంకుడు నా చేతిని పట్టుకున్నారు.

“మేనమామలు కాఫీకి వెళ్లారు బావగారూ,” అన్నాను.

జాలాడించిన దుప్పట్లను కరుణమ్మగారు ఎండకు పట్టి, కళ్లద్దాలు పైకి తోసి చూశారు. చింతపండు రంగు నీళ్లతోనే పోయింది. తుప్పుమరకలు వెతుక్కుంటే తప్ప కనిపించడం లేదు. “ఉతుకుడు పాసండి,” అన్నారామె. “ఇక రెండో పరీక్ష. అదిగో వస్తున్నాడు.”

పోతురాజు లుంగీ పైకి కట్టి, భుజం మీద వలతో వచ్చాడు. దుప్పట్లు చూశాడు, గంగాళం చూశాడు.

“బట్టలు తెల్లబడ్డయ్యండి, కాదన్ను. నా చేపల సంగతేంటి?”

“చేపలకేమీ కాదయ్యా,” అన్నారు సుబ్బారాయుడుగారు. “నాచుకు మేత లేదిందులో.”

“ఆ తెల్లపొడి అమ్మినోడూ నవ్వుతానే చెప్పాడండి, ఏం కాదని. ఇప్పుడు తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటన్నయ్. గాలాడక. చూసి చూసి నా కడుపు తరుక్కుపోతంది.”

“మరి ఏం చేస్తే నమ్ముతావు?”

“మా నాన్న కొత్త మేత ఏదొచ్చినా ముందు తన నోట్లో ఏసుకునేవోడండి. తెల్లారి బాగుంటేనే చెరువులో ఏసేవోడు. మీరూ తినండి.”

సుబ్బారాయుడుగారు రెండడుగులు వెనక్కి వేసి నా వైపు తిరిగారు. వంటామె, పిల్లలు, మేట్రన్‌గారు, పోతురాజు, అందరూ నా వైపే తిరిగారు.

“అన్నం తెప్పించండి,” అన్నాను. “నెయ్యి కూడా.”

గంగాళం అడుగున గట్టిపడిన ముద్ద గీరి పెట్టారు. నేను నింపాదిగా తిన్నాను. సత్యవతి దంచి కలిపిన వెల్లుల్లి ఇందులోనూ ఉంటే బాగుండేదనిపించింది. పోతురాజు నా గొంతు కదలడం గుడ్లప్పగించి చూశాడు.

“ఆయాసమేమీ లేదుగా పెద్దయ్యా?”

“లేదప్పా.”

“ఇప్పుడే తేలదండి. తెల్లారి చూడాల. చేపలక్కూడా తెల్లారేసరికే వచ్చేది.”

బందరు: తెల్లవారి

ఆడపిల్లల హాస్టలు కాబట్టి మాకు గేటు పక్క వాచ్‌మన్ గది వరండాలో రెండు నులకమంచాలు వేయించారు. సముద్రం గాలి, చెరువు వాసన, దోమలు. నేను కట్టుడుపళ్లు తీసి గ్లాసులో పెట్టి పడుకున్నాను. బాగా నిద్ర పట్టింది.

కళ్లు తెరిచేసరికి పోతురాజు ముఖం నా ముఖం మీద ఉంది. వెనక తాపీ పట్టుకుని మేస్త్రీ.

“చూశావంట్రా?” అన్నాడు పోతురాజు మేస్త్రీతో. “అట్టాగే! అచ్చం నా బొచ్చె చేపలు తెరిచినట్టే తెరిచాడు నోరు. ఎల్లి ఇసక కలుపు. అయ్యో పెద్దయ్యా, మంచోడివి, అనవసరంగా తిన్నావు.”

నేను నిద్రలో నోరు తెరుస్తానని మా ఇంట్లో నలభై ఏళ్లుగా తెలుసు. బందరులో తెలియదు. వివరంగా చెబుదామని లేచి కూర్చున్నాను. పళ్లు లేక గాలి తప్ప మాట రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. నోరు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది.

“ఓరి నాయనో, ఇంకా ఎక్కువైంది!” అని పోతురాజు నా వీపు నిమరసాగాడు. “అమ్మగారూ! నీళ్లు తీసుకురండి!”

మేస్త్రీ అప్పటికే ఇసక గుట్ట దగ్గరికి చేరాడు. పార పడిన చప్పుడు వినిపించింది. గ్లాసు కోసం తడుముతుంటే అది మంచం కిందికి దొర్లిపోయింది. హాస్టలు కాలవ, పిల్లల దుప్పట్లు, వియ్యంకుడి రెండేళ్లు, అన్నీ నా పళ్లతో పాటు మంచం కింద ఉన్నాయి. ఉద్యోగంలో నేర్చుకున్న పాఠం ఒకటి అప్పుడు గుర్తొచ్చింది. మందు కలిపిన నీళ్లను పరీక్షించేటప్పుడు, పక్కన కలపని నీళ్లు కూడా ఒక గ్లాసులో పెట్టుకుని పోల్చి చూడాలి.

నేను పోతురాజు భుజం పట్టుకుని పక్క మంచం వైపు తిప్పాను.

అక్కడ సుబ్బారాయుడుగారు వెల్లకిలా పడుకుని ఉన్నారు. ఆయన నోరు నాదానికంటే పెద్దగా తెరిచి ఉంది. అందులోంచి గురక కూడా వస్తోంది.

ఇంతలో కరుణమ్మగారు నీళ్లచెంబుతో పరుగున వచ్చారు. మంచం కింద నుంచి పళ్లు తీసి ఇచ్చింది కూడా ఆమే. కడిగి పెట్టుకున్నాను.

“పోతురాజూ,” అన్నాను మాట వచ్చాక. “నిన్న ఆయన పొడి తిన్నాడా?”

“లేదండి. నేను చూశాగా. ముట్టుకోమంటే ఎనక్కి పోయాడు.”

“మరి ఆయన ఎందుకు తెరిచాడు?”

పోతురాజు నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఇద్దరి మధ్యా వంగి రెండు ముక్కుల దగ్గరా చెయ్యి పెట్టి ఊపిరి చూశాడు.

“మా పిల్లల్లో సగంమంది నోళ్లు తెరిచే నిద్రపోతారయ్యా,” అన్నారు కరుణమ్మగారు. “అది చేపల జబ్బు కాదు, మనుషుల అలవాటు.”

అతను చెరువు వైపు నడిచి, కాలవ మూతి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నాకు భయం వేసింది. చెరువు ఇంకా పచ్చగానే ఉంది. ఒక పొడి మానేసి ఇంకో పొడి వేసినంత మాత్రాన నీళ్లు ఒక్క రోజులో తేరుకోవు. ఆ మాట నేనే అతని దగ్గరికి వెళ్లి చెప్పాను, తరవాత మోసం చేశారనకూడదని.

“తెలుసండి,” అన్నాడు పోతురాజు. “వానాకాలం దాకా చూస్తా. కొత్త నీళ్లు పడ్డాక కూడా పాచి పెరిగితే ఇటుకలు ఎక్కడికీ పోవు. ఒరే మేస్త్రీ! ఆ పార అక్కడ పెట్టి పో. ఇయ్యాళ పని లేదు.”

కరుణమ్మగారు కళ్లద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. లోపల పిల్లలు ప్రార్థన పాట మొదలుపెట్టారు. మేము ముగ్గురం వరండాలోకి తిరిగి వచ్చాము. సుబ్బారాయుడుగారు ఇంకా అలాగే ఉన్నారు. రెండేళ్లు పొయ్యి ముందు కూర్చుని చేసిన పొడి నెగ్గిన సంగతి ఆయనకు తెలియదు.

“లేపి చెబుదాం,” అన్నాను నేను.

“ఆగండి పెద్దయ్యా,” అంటూ పోతురాజు నా మంచం మీద కూర్చుని, గడ్డం చేతిలో పెట్టుకుని, ఆ తెరిచిన నోటిని తదేకంగా చూశాడు. “ఏమీ తినకుండానే ఇంత తెరిచాడే, తింటే ఎంత తెరిచేవోడో!”